వార్షిక నివేదిక 2024–25: స్టిల్టు అంతస్తు బలోపేతం పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం నిధిలో ఎక్కువ భాగం స్టిల్టుకే, అంటే కింద గోడల్లేకుండా కార్లు నిలిపే అంతస్తుకే ఖర్చయింది. బయటి గోడల రంగులు, టెర్రస్ మీద షెడ్డు వాయిదా పడ్డాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఇక్కడ చెప్పేది పని గురించి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మన స్టిల్టులో నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక ప్లాస్టరు ఉబ్బినచోట గీకిస్తే, పిల్లర్ల అడుగున ఇనుము తుప్పుపట్టి కనిపించింది. ఆ డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం విజయవాడ దాకా తెలిసింది. భవనానికి ఏమీ కాలేదు. కానీ భూకంప డిజైన్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 1893 (2016 నాటిది) ప్రకారం మన ఊరు మూడో భూకంప జోన్‌లో ఉంది. దాని లెక్కల్లో జోన్ గుణకంగా హైదరాబాదుకు 0.10 వాడేచోట మనకు 0.16 వాడాలి. పైగా కింద ఉన్నది కృష్ణా నది ఒండ్రు. మెత్తటి నేల ఊపును పెంచుతుందే గాని తగ్గించదు.

మన భవనం స్టిల్టు మీద నాలుగంతస్తులు, 1990ల నాటి కట్టుబడి. పై అంతస్తుల్లో ఇటుక గోడలు పిల్లర్ల మధ్య బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఆ నాలుగూ కలిసి ఒకే దిమ్మెలా కదులుతాయి. స్టిల్టులో గోడల్లేవు. కదలికంతా పిల్లర్ల తల, పాదాల దగ్గరే పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో అధికశాతం ఇలా కింద ఖాళీగా ఉన్నవే. ఆ తరవాత ఐఎస్ 1893 కోడ్ 2002 సవరణలో, ఇలాంటి ఖాళీ అంతస్తు పిల్లర్లనూ బీములనూ 2.5 రెట్ల బలానికి డిజైన్ చేయాలన్న నిబంధన వచ్చింది. మన భవనం అంతకు ముందుది.

పరీక్షల్లో తేలింది

మొదట రీబౌండ్ హ్యామర్ (తగిలి వెనక్కి ఎగిరే తీరును బట్టి కాంక్రీటు బలాన్ని అంచనా వేసే సుత్తి) కొట్టించాం. ఆ అంకెలు బాగానే వచ్చాయి, వాటిని మేం నమ్మలేదు. పాత కాంక్రీటు పైపొర కార్బొనేషన్ వల్ల, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి, గట్టిపడి హ్యామర్‌కు ఎక్కువ చూపిస్తుంది. అందుకే అల్ట్రాసోనిక్ పరీక్ష, ఆపైన లోపలి కడ్డీల చోటు చూపే కవర్ మీటరుతో కడ్డీలు తప్పించి 75 మి.మీ. కోర్లు (తొలిచి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్కలు) తీయించాం. కోర్ తీసిన రంధ్రాల్ని కుంచించుకుపోని గ్రౌట్‌తో (జారే సిమెంటు మిశ్రమంతో) అదే రోజు నింపించాం. కాంక్రీటు ఎం15 స్థాయిలో, అంటే 15 మెగాపాస్కల్స్ (నలిగే ఒత్తిడిని తట్టుకునే బలానికి కొలమానం) దగ్గర ఉంది. 2000కు ముందు కోడ్ దాన్ని అనుమతించింది కాబట్టి బిల్డరును తప్పుపట్టడానికి లేదు. ఫినాఫ్తలీన్ చల్లితే, ఇనుమును తుప్పు నుంచి కాపాడే క్షారగుణం మిగిలిన కాంక్రీటు గులాబీ రంగుకు మారుతుంది. కడ్డీల దాకా ఆ రంగు రాని పిల్లర్లన్నీ వరద నీళ్లు నిలిచిన వైపువే.

అసలు లోపం నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగుల్లో బయటపడింది. పిల్లరు 230×450 మి.మీ., రింగుల ఎడం 200 మి.మీ., కొక్కేలు 90 డిగ్రీలకే మడిచి ఉన్నాయి. పైనున్న కాంక్రీటు పెచ్చు ఊడగానే ఆ కొక్కెం విచ్చుకుంటుంది, నిలువు కడ్డీ బయటికి వంగుతుంది. భూకంపాన్ని తట్టుకునే కడ్డీల అమరికకు ప్రమాణమైన ఐఎస్ 13920 కోరేది 135 డిగ్రీల కొక్కెం, పిల్లరు తల, పాదాల దగ్గర 100 మి.మీ. మించని ఎడం.

చేయించిన పని

పిల్లర్లకు ఫైబర్ పట్టీ చుట్టే కంపెనీల కొటేషన్లు తక్కువ రోజుల పని చూపించాయి. కొందరు సభ్యులు దాన్నే కోరారు. చుట్టు వల్ల పిల్లరు పగలకుండా ఎక్కువ వంగగలదు, నిజమే. కానీ అంతస్తు బిగువు, అంటే పక్కకు కదలకుండా ఆపే గట్టిదనం, పెరగదు. మన జబ్బు బిగువు లేకపోవడం కాబట్టి ఒప్పుకోలేదు. స్ట్రక్చరల్ ఇంజినీరు సూచనపై వేరే రెండు దారులు కలిపాం: రెండు దిశల్లోనూ రెండేసి కాంక్రీటు గోడలు, మిగతా పిల్లర్లకు కాంక్రీటు జాకెట్ (పాత పిల్లరు చుట్టూ కడ్డీలతో కొత్త కాంక్రీటు పొర).

గోడలు ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద పేచీ అయింది. నాలుగు కార్ల చోటు పోతుంది. అందరికీ అనువుగా ఉందని వెనక ప్రహరీ వైపే నాలుగూ కట్టేస్తే భవనం ఒక పక్క గట్టిపడి, భూకంపంలో రెండో పక్క మెలి తిరుగుతుంది. లిఫ్టు గది ఇప్పటికే ఈశాన్య మూలన ఉండటం వల్ల ఆ మెలి కొంత ఉంది. అందుకే ఎదురెదురు వైపుల్లో పెట్టాలని నిర్ణయించాం. పార్కింగ్ లాటరీ మళ్లీ తీశాం. చోటు కోల్పోయిన నలుగురికి నెలవారీ మెయింటెనెన్స్‌లో రాయితీ ఇస్తున్నాం.

జాకెట్ పద్ధతి, పాత భవనాల బలోపేతానికి ప్రమాణమైన ఐఎస్ 15988 ప్రకారం: నాలుగు వైపులా 100 మి.మీ., కాబట్టి పిల్లరు 430×650 అయింది. కొత్త కాంక్రీటు పాతదానికంటే కనీసం 5 మెగాపాస్కల్స్ ఎక్కువ ఉండాలి. మనం 10 మి.మీ. కంకరతో ఎం30 వాడాం. ఫుటింగు నుంచి బీము దాకా లెక్కేస్తే ఒక్కో పిల్లరుకు దాదాపు ముప్పావు ఘనపు మీటరు పట్టింది. మూలకు రెండు చొప్పున ఎనిమిది 16 మి.మీ. కడ్డీలు, 8 మి.మీ. రింగులు 100 మి.మీ. ఎడంతో. కడ్డీలన్నీ మూలల్లోనే ఎందుకంటే 230 వెడల్పున్న బీము పిల్లరు ముఖం నడుమ కూర్చుంటుంది. మూలన ఉన్న కడ్డీ మాత్రమే దానికి తగలకుండా స్లాబు రంధ్రంలోంచి పైకి పోగలదు.

పైకి పోవడమే ఇందులో కీలకం. బీము కింద ఆగిపోయిన జాకెట్ పిల్లరును లావు చేస్తుంది, విరిగే చోటును పిల్లరూ బీమూ కలిసే జాయింటులోకి నెడుతుంది, అంతే. చాలాచోట్ల జాకెటింగ్ పేరుతో జరుగుతున్నది ఇదే. మన కడ్డీలు మొదటి అంతస్తు నేల మీద 750 మి.మీ. దాకా వెళ్లి, అక్కడ కిటికీ దిమ్మె ఎత్తు జాకెట్‌లో ముగిశాయి. దీనికోసం మొదటి అంతస్తు ఇళ్లలో టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది. పిల్లర్లు, బీములు, పునాది ఉమ్మడి ఆస్తి అని 1987 అపార్ట్‌మెంట్ల చట్టం చెబుతున్నా, పడకగదిలో దుమ్ము మాత్రం వాళ్లొక్కరే భరించారు. ఆ కుటుంబాలకు సంఘం కృతజ్ఞతలు. టైల్స్ ఖర్చు సంఘానిదే.

పని వరుస ఇలా సాగింది. బీముల కింద జాకీలు (తాత్కాలిక ఊతాలు) బిగించి, పక్కపక్క పిల్లర్లు ఎప్పుడూ ఒకేసారి ముట్టకుండా, ఫుటింగు దాకా తవ్వడం. ప్లాస్టరు తీసి పాత ముఖాన్ని గరుకుగా చిప్పింగ్ చేయడం. తుప్పు వైరు బ్రష్షుతో తీయడం. 20 మి.మీ. రంధ్రాలు తొలిచి ఎపాక్సీతో కడ్డీలు నాటడం. ఇక్కడే పని ఎక్కువగా చెడుతుంది. రంధ్రంలో దుమ్ముంటే ఎపాక్సీ దుమ్మును పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు. ఊదడం, బ్రష్ తిప్పడం, మళ్లీ ఊదడం ప్రతి రంధ్రానికీ చేయించి, కొన్ని కడ్డీల్ని లాగి పరీక్షించాం. రెండో చిక్కు బాండింగ్ పూత, అంటే పాత కాంక్రీటుకు కొత్తది అంటుకోవడానికి పూసేది. అది తడిగా ఉండగానే కాంక్రీటు పడాలి. ఆరిపోతే అంటించాల్సిన పూతే రెండు పొరల్నీ విడదీస్తుంది. సెంట్రింగ్ ఆలస్యమైన రెండు పిల్లర్లకు ఆరిన పూత గీకించి మళ్లీ వేయించాం. మేస్త్రీ విసుక్కున్నారు గాని చేశారు. చివరి అరడుగు పైనుంచి నిండదు కాబట్టి బీము కింద సందును గ్రౌట్‌తో నింపించాం. గోనెపట్టాలు చుట్టి తడి ఆరనివ్వకుండా క్యూరింగ్ చేయించాం.

వాచ్‌మన్ గది సగం గోడను పిల్లరు నుంచి 25 మి.మీ. విడగొట్టి థర్మాకోల్ పెట్టించాం. సగం గోడ ఆనుకుంటే పిల్లరు వంగే పొడవు తగ్గి, ఆ పైసగం ఏటవాలుగా పగిలి తెగుతుంది. టెర్రస్ మీద అదనపు నీళ్ల ట్యాంకు దింపించాం. వెయ్యి లీటర్లంటే టన్ను.

సభ్యులు చేయకూడనివి

చిమ్నీ, ఏసీ గొట్టాల కోసం బీముకు రంధ్రం తొలవకండి. హాలు పెద్దది చేసుకుందామని పిల్లర్ల మధ్య గోడ తీయించే ముందు సంఘానికి రాయండి. ఒక అంతస్తులో గోడలు తగ్గిస్తే అదే ఇంకో స్టిల్టు అవుతుంది. స్టిల్టులో కొత్త గోడల పక్కన స్టోరు గదులు కట్టే ప్రతిపాదనలు వచ్చాయి, తిరస్కరించాం.

మిగిలిన పని

నాలుగు గోడల్లో లిఫ్టు వైపుది మిగిలింది. దాని ఫుటింగు తవ్వకం సెప్టిక్ ట్యాంకు గొట్టానికి అడ్డొచ్చింది. గొట్టం మళ్లించాకే మొదలుపెట్టాలి, వానలు మొదలైతే గుంటలో నీళ్లు ఊరతాయి కాబట్టి ఈలోపే కావాలి. గొట్టం మళ్లింపు కొటేషన్లు రెండు వచ్చాయి. సర్వసభ్య సమావేశంలో మొదటి తీర్మానం అదే. ఆ గోడ పూర్తయ్యేదాకా లిఫ్టు ఎదుట ఉన్న రెండు జాకీలను ఎవరూ కదిలించవద్దు, వాటి పక్కన బైకులు పెట్టవద్దు.