పన్నెండు రోజుల పరిచర్య చాలదు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. వేసవి సెలవుల్లో విదేశాలకు స్వల్పకాలిక మిషన్ సేవకు వెళ్తున్న చెన్నై తెలుగు క్రైస్తవ సంఘాల యువతను గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. వారి ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే ఉత్సాహంతో బయలుదేరాను. ముప్పై రెండేళ్ళు నర్సుగా పనిచేసిన నేను కంబోడియాకు రెండుసార్లు వెళ్ళాను. 2016లో ఉద్యోగానికి సెలవు పెట్టి పన్నెండు రోజులు, పదవీ విరమణ తరువాత 2019 జనవరి నుంచి పదకొండు నెలలు అక్కడ ఉన్నాను. మొదటిసారి నేను చేసినదేమిటో రెండోసారి వెళ్ళాక గాని నాకు తెలియలేదు. పంపే సంఘ పెద్దలూ, పిల్లలను పంపే తల్లిదండ్రులూ ఆ సంగతి వినాలని ఈ లేఖ రాస్తున్నాను.

మొదటిసారి పద్దెనిమిది మందిమి కౌలాలంపూర్ మీదుగా కంబోడియా రాజధాని నాంపెన్ చేరి, అక్కడి నుంచి బస్సులో బట్టంబాంగ్ వైపు వెళ్ళాం. రెండు ఊళ్ళలో వైద్య శిబిరాలు పెట్టాం. నేను బీపీ చూసి, ఎక్కువగా ఉన్నవారికి డాక్టరు గారు రాసిన ప్రకారం పదిహేను రోజుల మాత్రలు కవర్లో వేసి ఇచ్చాను. నేను ఇంగ్లీషులో చెప్పినదాన్ని ఒక కాలేజీ కుర్రవాడు అక్కడి ఖ్మేర్ భాషలో చెప్పేవాడు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా దొరకలేదు. మూడేళ్ళ తరువాత అదే ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె నన్ను గుర్తుపట్టి, లోపలి నుంచి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి మూత తీసి చూపించింది. అందులో నా చేతిరాతతో ఉన్న ఆ కవరు అలాగే ఉంది, రెండు మాత్రలు మాత్రమే తగ్గాయి. తల బాగా నొప్పి పుట్టిన రోజున వేసుకోవాలని దాచుకున్నానని చెప్పింది. ఆమె ఎడమ చేయి అప్పటికే పడిపోయింది. ఆ మాత్రలన్నీ వాడి ఉంటే చేయి పడిపోయేది కాదని నేను అనలేను. కాని పదిహేను రోజుల మాత్రలతో బీపీ తగ్గిపోదని నర్సింగ్ మొదటి సంవత్సరం చదివే పిల్లకు కూడా తెలుసు. అది తెలిసి కూడా నేను ఇచ్చాను, ఇచ్చి ఫోటో దిగాను.

అంతకన్నా నన్ను బాధపెట్టేది ఆ పర్యటనలో మేము రెండు రోజులు గడిపిన అనాథ పిల్లల ఆశ్రమం. ఏడేళ్ళ పాప ఒకతె ఆ రెండు రోజులూ నా చేయి వదలలేదు. "మే" అని, అంటే అమ్మా అని, పిలిచింది. బయలుదేరే పూట ఏడ్చింది, నేనూ ఏడ్చాను. చెన్నై వచ్చాక మా సంఘంలో సాక్ష్యం చెప్పినప్పుడు ఆ పాప సంగతే చెప్పాను, చాలామంది కళ్ళు తుడుచుకున్నారు, ఆ ఆశ్రమానికి కానుకలు కూడా బాగా వచ్చాయి. రెండోసారి వెళ్ళినప్పుడు తెలిసింది, ఆ పాపకు తల్లి ఉంది. మోటారు సైకిలు మీద గంట ప్రయాణంలో ఉన్న పల్లెలో కూలి చేసుకుంటోంది. చదువూ తిండీ దొరుకుతాయని ఎవరో చెబితే బిడ్డను అక్కడ ఉంచింది. మేము వచ్చేసిన మరుసటి వారమే మరో దేశపు బృందం వచ్చిందనీ, పిల్లలు అవే పాటలు పాడారనీ, ఆ పాప ఇంకొకరి చేయి పట్టుకుందనీ, వాళ్ళు వెళ్ళేటప్పుడు మళ్ళీ ఏడ్చిందనీ అక్కడి ఆయా చెప్పింది. ఇది ఆ ఒక్క ఆశ్రమం కథ కాదు. కంబోడియాలో 2005లో 154 ఉన్న ఇలాంటి సంస్థలు 2010 నాటికి 269 అయ్యాయి. వాటిలో ఉన్న ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని అక్కడి ప్రభుత్వం యూనిసెఫ్‌తో కలిసి 2011లో వెల్లడించిన అధ్యయనంలో తేలింది. ఆ దేశంలో అనాథలు పెరిగినందువల్ల కాదు, చూడటానికి వచ్చేవారూ కానుకలిచ్చేవారూ పెరిగినందువల్లే ఆశ్రమాలు పెరిగాయని నేను నమ్ముతున్నాను. అలా వచ్చినవారిలో నేనూ ఉన్నాను.

రెండోసారి ఏ బృందంతోనూ వెళ్ళలేదు. అక్కడి ఊరి సంఘ కాపరి (పాస్టరు) ఒకరు రమ్మంటేనే వెళ్ళాను. ఆయన తండ్రి 1975 నుంచి 1979 వరకు సాగి, లక్షల మందిని బలిగొన్న పోల్‌పాట్ పాలనలో ప్రాణాలు దక్కించుకుని, థాయ్ సరిహద్దులోని ఖావో ఇ దాంగ్ శరణార్థి శిబిరంలో క్రైస్తవుడైన మనిషి. ఎన్ని నెలలు ఉంటారన్నదే ఆ కాపరి నన్ను అడిగిన మొదటి ప్రశ్న. నాలుగు నెలల పాటు నాకు ఏ రోగినీ అప్పగించలేదు. పొద్దున ఆయన భార్యతో కలిసి బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని, గిన్నెలు తోమేదాన్ని, మధ్యాహ్నం రెండో తరగతి పిల్లల పక్కన కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దేదాన్ని. అప్పట్లో చిన్నతనంగా అనిపించిన మాట నిజం. కాని ఆ అక్షరాలే నన్ను నిలబెట్టాయి. ఖ్మేర్ లిపి పుట్టింది మన కాంచీపురం పల్లవుల లిపి నుంచి. క, ఖ, గ, ఘ అదే వరుస, పలకడం మాత్రం మారింది. మనలాగే హల్లు కింద ఒత్తు రాస్తారు, దాన్ని అక్షరం పాదం అంటారు. ఉపాధ్యాయుణ్ణి "క్రూ" అంటారు, అది మన గురువే. ఆరోగ్య కేంద్రం బోర్డు మీది మాటలు మొదటిసారి కూడబలుక్కుని చదివినప్పుడు అవి మన మండలం, సుఖం, భావం అన్న మాటలే అని తెలిసి ఆ రోడ్డు మీదే నిలబడిపోయాను. తెలుగువారికి ఆ భాష అంత పరాయిది కాదు, ఆరు నెలలు కూర్చుంటే వస్తుంది. అయిదో నెల నుంచి ఆ కేంద్రం వారి అనుమతితో వారానికోసారి బీపీ ఉన్నవారి ఇళ్ళకు వెళ్ళి, మాత్ర ఎప్పుడు వేసుకున్నారో వారి మాటల్లోనే అడిగి రాసుకోవడం నా పని అయింది. పదకొండు నెలల్లో నేను చూసినవారు ఇరవై ముగ్గురు. ఆ ఇరవై ముగ్గురి పేర్లూ, ఇళ్ళ దారులూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

వ్యాసర్‌పాడిలో మా ఇంటికి కొద్ది దూరంలోనే బకింగ్‌హామ్ కాలువ పారుతుంది. 1876-78 కరవులో ఒంగోలు వైపు ఆ కాలువ తవ్వకంలో కూలి చేసి మా తాతగారి తాత కుటుంబం బతికిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. కరవు కూలీలకు పని దొరకాలని ఆ కాలువలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర. ఆయన 1865లో వచ్చి తెలుగు నేర్చుకుని, దశాబ్దాల పాటు ఇక్కడే ఉన్నారు. కరవు సాయం నడిచినన్నాళ్ళూ, కూలి కోసం, గింజల కోసం మతంలోకి వస్తారేమోనని ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ముగిశాకే ఇచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం గాని, దానికి ముందు ఆయన ఆగిన ఆ కాలాన్ని ఎవరూ చెప్పుకోరు. అంతకుముందే ఊరూరా తిరిగి సువార్త చెప్పిన యెర్రగుంట్ల పేరయ్య గారినీ అంతగా తలుచుకోరు. మేము 2016లో బియ్యం సంచులు పంచిన పందిరి కిందనే, ఆ సంచులు ఇంకా వాళ్ళ చేతుల్లో ఉండగానే ప్రార్థన కూటం పెట్టాం. ఇంటింటికీ వెళ్ళి మతప్రచారం చేయడాన్ని కంబోడియా ప్రభుత్వం నిషేధించిందన్న సంగతి కూడా మాకు ఎవరూ చెప్పలేదు.

చిన్న పర్యటనల వల్లే యువతకు పరిచర్య మీద మనసు కలుగుతుందని కొందరు పెద్దలు అంటారు. అది నిజమే, నా రెండో ప్రయాణానికి మొదటిదే కారణం. అయితే పన్నెండు రోజులకు వెళ్ళేవారు చూడటానికి, నేర్చుకోవడానికి వెళ్ళాలి. అక్కడి విశ్వాసుల ఇళ్ళలో ఉండాలి, వారితో ఆరాధించాలి, వారు చెప్పిన పని చేయాలి. పిల్లల ఆశ్రమాల గడప తొక్కకూడదు. తరువాత చూసుకునే డాక్టరు ఆ ఊళ్ళో లేకపోతే ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు. వైద్యమో బోధనో చేయాలనుకునేవారిని కనీసం ఆరు నెలలకైనా పంపాలి, అక్షరాలు ఇక్కడే నేర్పి పంపాలి. పద్దెనిమిది మంది విమానం టికెట్ల డబ్బుతో ఇద్దరిని ఏడాది పాటు అక్కడ ఉంచవచ్చని మా సంఘ కోశాధికారికి లెక్క వేసి చూపించాను. ఆయన కాదనలేదు, కాని ఈ ఏడాది వెళ్ళే పద్దెనిమిది మంది పేర్లు అప్పటికే ప్రకటించేశామన్నారు.

ఆ పద్దెనిమిది మందిలో మా మేనకోడలు కూడా ఉంది. మే నెల రెండో వారంలో వారి ప్రయాణం. ఆశ్రమ సందర్శనను కార్యక్రమంలోంచి తీసేయమని వచ్చే ఆదివారం ఆరాధన తరువాత కమిటీని అడగబోతున్నాం. నేను ఖ్మేర్ అక్షరాలు దిద్దిన నోటు పుస్తకం ఇప్పుడు ఆమె దగ్గర ఉంది, రోజుకు నాలుగు అక్షరాలు నేర్చుకుంటోంది. ఇలాంటి ప్రయాణాలకు సిద్ధమవుతున్న మిగతా సంఘాలవారికి కూడా సమయానికి అందేలా ఈ లేఖను ఏప్రిల్‌లోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
వ్యాసర్‌పాడి, చెన్నై