చర్చి ఆర్గన్లు పాత సామాన్లోళ్ళకి అమ్మేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య మా గుంటూరులోనే ఒక చర్చికి రంగులు వేయిస్తా, వెనక గదిలో ఉన్న, కాళ్ళతో తొక్కుతా వాయించే పెడల్ ఆర్గన్ని పాత సామాన్ల బండికి ఎత్తేశారండి. ఎలకలు కొట్టేసినయ్, ఇంక పలకదు అన్నారంట. తొక్కి తొక్కి పెడళ్ళ మీద కార్పెట్ అరిగి చెక్క బయటపడింది, అన్నేళ్ళు సంఘం మొత్తాన్ని పాడించింది అది, చాలా బాధేసింది.

ప్యారిస్ నోటర్‌డామ్ చర్చిలో పైప్ ఆర్గన్ సంగతే చూడండి, దాదాపు 8000 గొట్టాలు. 1868లో కవయే-కోల్ అనే ఆయన దాన్ని తిరగ్గట్టినప్పుడు కూడా పాత గొట్టాలు చాలావరకు కొత్తదాంట్లోనే వాడుకున్నాడు. లూయీ వియెర్న్ అని చూపు సరిగ్గా ఆనని ఆర్గనిస్టు, 1937లో కచేరీ చేస్తా చేస్తా దాని ముందే ప్రాణం వదిలాడు. 2019లో చర్చి కప్పు తగలబడితే ఆర్గన్ కాలలేదు గానీ నిండా సీసం దుమ్ము పట్టేసింది, అయినా వదిలేయలేదండి, ఊడదీసి శుభ్రం చేసి మళ్ళీ బిగించి, పగలు పనుల గోల ఉంటదని రాత్రిళ్ళు కూర్చుని శృతి చేసి 2024 డిసెంబర్‌లో మోగించారు.

మన సంఘాల్లో ఉన్నవి అంత పెద్దవి కాదు, గొట్టాలుండవు, ఇత్తడి రీడ్లే, అంటే సన్నటి రేకులే. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన 1842లోనే ప్యారిస్‌లో డెబేన్ అనే ఆయన హార్మోనియంకి పేటెంట్ తీసుకున్నాడు, మన పెడల్ ఆర్గన్ కూడా ఆ కుటుంబమే. కాళ్ళతో తొక్కితే తిత్తులు ఆడతాయి, ఆ గాలికి రీడ్లు వణికి పలుకుతాయి, అంతే. రీడులో చిన్న నలుసు ఇరుక్కున్నా ఆ మెట్టు పలకదు, బయటికి లాగి మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలాసార్లు మళ్ళీ పలుకుద్ది. తిత్తి గుడ్డ చిరిగితే కొత్తది అంటించొచ్చు, చెక్క పాడైతే వడ్రంగి ఉన్నాడు, ఇత్తడి రీడ్లు మాత్రం అంత తేలిగ్గా పోవు. మరి పలకదు అని ఎవరు తేల్చారు?

కీబోర్డు వద్దనట్లేదు, యూత్ పిల్లలు బాగానే వాయిస్తున్నారు. కానీ ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమదినాల్లో నెమ్మదిగా సాగే కీర్తనకి ఆర్గన్ స్వరం తోడుంటే ముసలివాళ్ళు కూడా ఊపిరి అందుకుని పాడతారు, ఆ పట్టు కీబోర్డులో నాకైతే దొరకలేదు.

పాస్టర్ గార్లకి, కమిటీ పెద్దలకి నా మనవి ఒకటే, అమ్మేముందు హార్మోనియం రిపేరు చేసేవాళ్ళకి ఒకసారి చూపించండి. మీ పేపర్ వాళ్ళు కూడా గుంటూరు, తెనాలి, విజయవాడ చర్చిల్లో ఇంకా ఎక్కడెక్కడ ఆర్గన్లు ఉన్నాయో ఫొటోలతో వేస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు