పాత లెగ్ వైసు ధర దాని మరలో ఉంది, కథలో కాదు

సంపాదకులకు నమస్కారం.

అయ్యా,

గోదావరి జిల్లాల్లో కమ్మరి కొలుములు ఒక్కొక్కటే మూతపడుతున్న కొద్దీ వాటిలోని దాగళ్లు, లెగ్ వైసులు (మర, అంటే స్క్రూ, తిప్పితే బిగిసే దవడలతో ఇనుమును పట్టి ఉంచే, నేల దాకా కాలు ఉన్న పనిముట్లు) పాత ఇనుము కొట్లకు చేరుతున్నాయి. అమ్ముకోవడానికి తెచ్చిన కమ్మరికి అక్కడ తుక్కు తూకం ధర ముడుతుంది. అదే వైసును కొనుక్కోవడానికి ఎవరైనా వెళ్తే మాత్రం 'కాటన్ దొర ఆనకట్ట కట్టించిన నాటిది' అన్న మాటతో బేరం మొదలవుతుంది. ఈ రెండు ధరల్లో ఏదీ న్యాయమైనది కాదని, ఐ.టి.ఐ.లో ఫిట్టర్ విద్యార్థులకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత వేసవిలో మా మేనల్లుడు వెల్డింగు షాపు పెట్టుకుంటూ, సాయానికి నన్ను అలాంటి ఒక కొట్టుకు తీసుకువెళ్లాడు. ఐదు అంగుళాల దవడలున్న లెగ్ వైసు, తూకం వేస్తే 31 కిలోలు. పద్దెనిమిది వేలు చెప్పారు, కారణం కాటన్ దొర పేరే. కిరసనాయిలులో ముంచిన కొబ్బరి పీచుతో దాని పక్కభాగాన్ని చాలాసేపు రుద్దాక తుప్పు కింద నుంచి అక్షరాలు బయటపడ్డాయి. తయారీదారు పేరు అరిగిపోయింది కాని, దాని చివర 'లిమిటెడ్' అన్న మాట, కింది వరుసలో 'ఇంగ్లండ్' అన్న మాట స్పష్టంగా చదవగలిగాం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. బ్రిటన్‌లో కంపెనీ పేరు చివర 'లిమిటెడ్' అని పెట్టుకోవడం 1855 నాటి చట్టంతో వచ్చింది. తయారైన దేశం పేరు సరకు మీద ఉండి తీరాలని అమెరికా 1890లో సుంకాల చట్టం చేశాకే, ఎగుమతి సామాను మీద 'ఇంగ్లండ్' అని కొట్టడం బాగా వాడుకలోకి వచ్చింది. ఆ రెండు మాటలూ ఉన్న వైసు ఆనకట్ట రాళ్లు మోసిన రోజులను చూసి ఉండే అవకాశమే లేదు.

ఒంటి మీద 'పి.డబ్ల్యు.డి.' అనో, రైల్వే పేరో కొట్టి ఉన్నంత మాత్రాన తయారీ ఎక్కడిదో తెలియదు. అది ఒకప్పటి యజమాని గుర్తు మాత్రమే. పైగా అక్షరాల పంచీలతో ఆ గుర్తును నిన్న రాత్రి కూడా కొట్టవచ్చు. గుంట అడుగున కూడా చుట్టూ ఉన్నంత తుప్పే ఉందా, అక్షరం అంచులు ఇంకా పదునుగా మెరుస్తున్నాయా అన్నది భూతద్దంతో చూడాలి. తుప్పును బట్టి వయసు కట్టడం మన ప్రాంతంలో మరీ పొరపాటు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి, కాలవగట్టు చెమ్మకు పదేళ్లలోనే ఇనుము నూరేళ్ల ముసలిదానిలా కనిపిస్తుంది.

వయసు తెలియాలంటే లోహాన్నే అడగాలి. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చి చవక ఉక్కు విస్తరించడానికి ముందు ఇలాంటి వైసులను చేత ఇనుముతో (రాట్ ఐరన్) సాగగొట్టి చేసేవారు. చేత ఇనుము బాగా తుప్పు పట్టిన చోట తాటి దూలం చీల్చినట్టు నిలువు నారలు కనిపిస్తాయి. కనబడని మూల ఒకచోట గ్రైండరు ఆనిస్తే నిప్పురవ్వలు మందమైన ఎర్రరంగులో పొడుగ్గా సాగుతాయి, పువ్వుల్లా చిట్లవు. పోత ఇనుముదైతే రవ్వలు పొట్టిగా ఆగిపోతాయి. అలాంటి వైసు సమ్మెట దెబ్బకు పగులుతుంది కనుక కొలిమిలో పనికి రాదు.

అయితే పనివాడికి వయసు కన్నా ముఖ్యమైనది మర. మరను పూర్తిగా విప్పి బయటికి తీయనివ్వని వ్యాపారి దగ్గర కొనవద్దని నా సలహా. సన్నని పనులు పట్టేటప్పుడు మర ఎప్పుడూ ఒకే భాగంలో తిరుగుతుంది కాబట్టి అక్కడే అరుగుతుంది. ఆ భాగంలోని చుట్లను, ఎన్నడూ నట్టు లోపలికి వెళ్లని చుట్లతో పోల్చి చూడాలి. ఈ చదరపు మర (స్క్వేర్ త్రెడ్) అంచులు చతురస్రంగా ఉంటే మంచిదే, కత్తివాదరలా సన్నబడి ఉంటే ఆ వైసుకు మిగిలిన ఆయుష్షు కొద్దిదే. నట్టు పనిచేసే గొట్టాన్ని బాక్సు అంటారు. దానిలోకి టార్చి వేసి చూడాలి. పాతవాటిలో చదరపు కడ్డీని మరకు చుట్టి, ఆ చుట్టను బాక్సులో దూర్చి ఇత్తడితో అతికేవారు. తుడిస్తే పసుపుపచ్చ గీత కనిపిస్తుంది. తర్వాతి కాలంలో ఘనమైన ఇనుములోనే మర కోశారు. పదేళ్ల కిందట నేనే ఈ పరీక్ష చేయకుండా ఒక వైసు కొని మోసపోయాను. అరిగిన బాక్సులో వెల్డింగు దిద్ది, గ్రీజు దట్టంగా పూసి అమ్మారు. మొదటి వారంలోనే, ఎర్రగా కాల్చిన కడ్డీని పట్టి వంచుతుండగా మర జారి కడ్డీ నా కాలి పక్కన పడింది.

కాలు పూర్తిగా ఉందో లేదో కూడా చూడాలి. సమ్మెట దెబ్బ బరువు ఆ కాలి గుండా నేలలోని మొద్దుకు దిగుతుంది. బల్లకు సరిపోవాలని దాన్ని కోసేస్తే అది ఇక లెగ్ వైసు కాదు. స్ప్రింగు లేకపోవడం పెద్ద లోపం కాదు, లారీ కమాను ముక్కతో చేయించుకోవచ్చు. దవడలు బాగా తెరిచినప్పుడు సమాంతరంగా లేవని ధర తగ్గించమనడం కూడా న్యాయం కాదు, కింద కీలు మీద తిరిగే వైసు అలాగే తెరుచుకుంటుంది.

మా మేనల్లుడి వైసు మర గట్టిగా ఉంది, బాక్సు ఘనమైనది, కాలు నిండుగా ఉంది. ఆ కారణాలే చూపి, కాటన్ పేరు తీసేసి, ఏడు వేలకు తీసుకున్నాం. తుక్కు ధర కన్నా అది చాలా ఎక్కువే, దానికి తగిన విలువ ఉంది కనుక సంతోషంగానే ఇచ్చాం.

మే 15న ఊరూరా కాటన్ విగ్రహానికి దండ వేసే ప్రాంతం మనది. ఆ ఆనకట్ట కోసం ధవళేశ్వరంలో పెట్టిన కార్ఖానాల నుంచి నిజంగా వచ్చిన పనిముట్టు ఏదైనా ఎక్కడో మిగిలి ఉండవచ్చు. అబద్ధపు పేరు మోసే వంద వైసుల మధ్య దాన్ని గుర్తుపట్టేవారుండరు, చివరికి అది గ్యాస్ కటింగ్ కింద ముక్కలవుతుంది. అందుకే పాత ఇనుము వ్యాపారులకు నా మనవి: కొలిమి నుంచి వచ్చిన లెగ్ వైసును కోయించే ముందు దగ్గరలోని ఐ.టి.ఐ. వర్క్‌షాపులో ఒకసారి చూపించండి. కొలిమి మూసేస్తున్న కమ్మరి సోదరులు కూడా తూకానికి ఒప్పుకునే ముందు మరను కిరసనాయిలుతో కడిగి, కొనేవాడి ఎదుటే విప్పి చూపించి ధర అడగాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిట్టర్ శిక్షకుడు,
పాలకొల్లు