బంతి తప్పా, గోలీ తప్పా?

విశాఖపట్నం,
మే, 2026

ఒరేయ్ మురళీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. సగం తిట్లే. "ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వచ్చిన ప్రతిసారీ బంతి మారుస్తారు, మా జేబులకు చిల్లు పెట్టడానికి కాకపోతే ఇంకెందుకురా?" అన్నావు. మీవాడు కొత్త బంతి కోసం అన్నం మానేసి కూర్చున్నాడన్నావు. నా అల్లుడు, అదే మీవాడు, గోలీ (గోల్ కీపర్) అయ్యాడని విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఊళ్ళో ఎవరి కొడుకైనా స్ట్రైకర్ అవుతానంటాడు గానీ, దెబ్బలు తిని, తిట్లు తినే ఆ పనికి ముందుకొచ్చేవాడు ఎక్కడున్నాడు? ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో అడ్డుపడతావు, అందుకని రాస్తున్నాను. టీ తాగుతూ తీరిగ్గా చదువు.

డబ్బు కోసం అన్నది నిజమే, కాదనను. కానీ బంతి మారితే ఆట కూడా మారుతుంది. ఒక్కోసారి ఎంత మారుతుందంటే, మనం టీవీ ముందు కూర్చుని గోలీని తిట్టిన తిట్లలో కొన్ని బంతి తయారుచేసినవాడికి చేరాల్సినవి.

2010 గుర్తుందిగా? దక్షిణాఫ్రికా, చెవులు చిల్లులు పడే ఆ వువుజెలా బూరల మోత, ఆ కప్పు కోసం చేసిన జబులానీ బంతి. టోర్నీ మొదలవకముందే గొడవ మొదలైంది. బ్రెజిల్ గోలీ జూలియో సీజర్ అది సూపర్‌మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ బంతిలా ఉందన్నాడు. స్పెయిన్ కెప్టెన్ కసియాస్ బీచ్‌లో పిల్లలు ఆడుకునే బంతితో పోల్చాడు (చివరికి అదే బంతితో కప్పు ఎత్తుకుపోయాడనుకో, అది వేరే సంగతి). గోలీలు ఏడవడం మామూలే అనుకుందామంటే, గోల్స్ కొట్టాల్సిన లూయిస్ ఫాబియానో కూడా దానికి ఏదో అతీంద్రియ శక్తి ఉందన్నాడు. కొట్టేవాడూ పట్టేవాడూ ఇద్దరూ తిడుతున్నారంటే ఎక్కడో ఏదో ఉన్నట్టే కదా!

ఆ ఏదో ఏమిటంటే, నునుపు. మనం చిన్నప్పుడు ఆడిన బంతి గుర్తు తెచ్చుకో. నల్ల ముక్కలు 12, తెల్ల ముక్కలు 20, మొత్తం 32. ఆ ముక్కల మధ్య కుట్లన్నీ విప్పి వరసగా పరిస్తే దాదాపు నాలుగు మీటర్లు వస్తాయి. 2006లో జర్మనీకి వచ్చేసరికి ముక్కలు 14 అయ్యాయి, సూదీదారం పోయి వేడితో అతికించడం వచ్చింది. జబులానీలో ఎనిమిదే ముక్కలు. అతుకుల పొడవు రెండు మీటర్లకు పడిపోయింది, లోతు అర మిల్లీమీటరు కూడా లేదు. ఇంత గుండ్రటి బంతి ఇంతకుముందు రాలేదని కంపెనీ గొప్పగా చెప్పుకుంది. చెప్పుకున్నది నిజమే. వచ్చిన చిక్కల్లా ఆ నిజంతోనే.

కొంచెం ఓపిక పట్టు, ఇక్కడ కాస్త సైన్సు ఉంది. బంతి గాల్లో పోతున్నప్పుడు దాని ఒంటిని అంటుకుని ఒక పల్చటి గాలి పొర సాగుతుంది. ఒంటి మీద కుట్లో గరుకో ఉంటే ఆ పొరలో చిన్న చిన్న సుడులు పుడతాయి. సుడులు పుట్టిన పొర బంతిని తొందరగా వదలదు, వెనక్కి చాలా దూరం దాకా పట్టుకునే ఉంటుంది. దాంతో బంతి వెనకాల ఏర్పడే ఖాళీ చిన్నదవుతుంది, వెనక్కి లాగే శక్తి తగ్గుతుంది. గోల్ఫ్ బంతికి గుంటలు పెట్టేది ఇందుకే. ఒళ్ళు నున్నగా ఉంటే ఆ పొర మధ్యలోనే విడిపోతుంది, బంతి వెనకాల పెద్ద ఖాళీ, పెద్ద లాగుడు. ఎంత నున్నటి బంతికైనా బాగా వేగంగా కొడితే సుడులు పుడతాయి. ఆ వేగం ఒక్కో బంతికి ఒక్కో చోట ఉంటుంది. గరుకు బంతికి తక్కువ వేగంలోనే, నున్న బంతికి ఎక్కువ వేగంలో.

ఇప్పుడు ఫ్రీకిక్ ఊహించుకో, అదే, ఎదుటివాళ్ళు తప్పు చేస్తే బంతిని నేల మీద పెట్టి కొట్టేది. కాలు వదిలినప్పుడు బంతి వంద కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఉంటుంది, గోల్ దాకా వచ్చేసరికి తగ్గుతుంది. ఆ తగ్గే దారిలో సరిగ్గా మధ్యలో గాలి పొర తన పద్ధతి మార్చుకుంటే? ఒక పక్క అతుకు తగిలి సుడులు పుట్టి, రెండో పక్క నునుపుగా ఉండిపోతే బంతి పక్కకు జరుగుతుంది. నెమ్మదిగా సగం తిరిగేసరికి అతుకు ఈ పక్కకు వస్తుంది, బంతి ఇటు జరుగుతుంది. దీన్నే నకల్‌బాల్ అంటారు. గట్టిగా గిరగిరా తిప్పి కొడితే ఈ గొడవ ఉండదు. అప్పుడు బంతి ఒకే దిక్కుకు వంగుతుంది, 1997లో రాబర్టో కార్లోస్ ఫ్రాన్సు మీద కొట్టినట్టు. తిప్పకుండా కొట్టినప్పుడే ఈ దెయ్యం పట్టేది.

నీకు క్రికెట్ పిచ్చి కాబట్టి ఇంకోటి చెబుతాను. ఇది కొత్తగా పుట్టిన శాస్త్రం కాదు. సీమ్ ఏటవాలుగా పట్టుకుని, ఒక పక్క ప్యాంటుకు రుద్ది మెరిపించి వేసే అవుట్‌స్వింగర్ వెనక ఉన్నది ఈ సూత్రమే. అందుకే ఈ రెండు బంతుల సంగతీ విప్పి చెప్పిన మనిషి ఒక్కడే: నాసాలో పనిచేసిన రబి మెహతా. 1983లో స్వింగ్ మీద సహచరులతో కలిసి నేచర్ పత్రికలో రాశాడు. జబులానీ వచ్చాక ఫుట్‌బాల్ వెంట పడ్డాడు. కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్‌లో బంతిని గాలి సొరంగంలో పెట్టడమే కాదు, నీళ్ళ కాలువలో కూడా బిగించి, మెరిసే రంగు వదిలి, చీకట్లో అతినీలలోహిత దీపాలు వేసి చూశారు. ఆ ఫొటోలు దొరికితే అల్లుడికి చూపించు. రంగు తీగలు బంతి ముందు వైపు చక్కగా చుట్టుకుని, ఒక్కసారిగా వెనక చిందరవందరగా చెదిరిపోతాయి. గాలి చేసే పని కంటికి కనిపిస్తుందన్నమాట.

వాళ్ళు తేల్చింది ఏమిటంటే, జబులానీ అన్నిటికంటే ఎక్కువగా ఊగేది గంటకు 80 నుంచి 88 కిలోమీటర్ల మధ్య. సరిగ్గా ఫ్రీకిక్కులు, దూరం షాట్లు గోల్ మీదికి వచ్చే వేగం! పాత 32 ముక్కల బంతికీ ఊగే వేగం ఉంది, కానీ అది చాలా కింద ఉంది, ఆ వేగంతో గోల్ మీదికి ఎవడూ కొట్టడు. ఇంకో మాట: దక్షిణాఫ్రికా మైదానాలు చాలావరకు ఎత్తు మీద ఉన్నాయి. జొహానెస్‌బర్గ్ దాదాపు 1,700 మీటర్లు. పల్చటి గాలిలో బంతి తక్కువ వంగుతుంది, ఎక్కువ దూరం పోతుంది. ఆ టోర్నీలో క్రాస్‌బార్ పైనుంచి ఆకాశంలోకి పోయిన షాట్లు గుర్తున్నాయా? పాపం కొట్టినవాళ్ళ కాళ్ళు ఏళ్ళ తరబడి వేరే గాలికి అలవాటు పడ్డవి.

అలాగని ప్రతి తప్పూ బంతి మీదికి తొయ్యకు. ఇంగ్లండ్ గోలీ రాబర్ట్ గ్రీన్ అమెరికా మీద వదిలేసిన గోల్ ఉంది చూశావూ, డెంప్సీ కొట్టింది, దానికి జబులానీతో ఏ సంబంధమూ లేదంటాను నేను. నేల బారుగా, నీరసంగా వచ్చిన బంతి అది. చేతుల్లోంచి జారింది, అంతే. అదే డెన్మార్క్ మీద జపాన్ హోండా కొట్టిన ఫ్రీకిక్ చూడు. ఎడమ కాలితో, చాలా దూరం నుంచి, తిప్పుడు దాదాపు లేకుండా. డెన్మార్క్ గోలీ సోరెన్‌సెన్ మామూలు మనిషి కాదు, ఇంగ్లండ్ లీగుల్లో ఏళ్ళ తరబడి నిలబడ్డవాడు. ముందు ఒక పక్కకు అడుగేశాడు, బంతి రెండో పక్కకు పోయింది. ఇది బంతి ఖాతాలో వెయ్యాల్సిన గోల్. కాసేపటికి అదే మ్యాచ్‌లో జపాన్‌వాడే ఎండో, అడ్డంగా నిలబడ్డ ఆటగాళ్ళ గోడ చుట్టూ మామూలుగా వంపు తిప్పి ఇంకోటి వేశాడు. ఒకే బంతి, ఒకే సాయంత్రం, రెండు రకాల గాలి లెక్క. యూట్యూబ్‌లో ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి ఇద్దరూ.

2014లో బ్రజూకా వచ్చింది. ముక్కలు ఇంకా తగ్గాయి, ఆరే. మళ్ళీ కొంప మునుగుతుందని అందరూ భయపడ్డారు. కానీ ఈసారి ముక్కల్ని మెలికలు తిప్పి కోశారు. దాంతో అతుకుల పొడవు మూడు మీటర్లు దాటింది, లోతు జబులానీకి మూడింతలు, పైన సన్నటి గరుకు. ఊగే వేగం గంటకు 48 కిలోమీటర్ల దగ్గరికి దిగింది. ఆ వేగంలో అది ఊగితే ఎంత, ఊగకపోతే ఎంత? గోలీలు నోరెత్తలేదు. 2010లో 64 మ్యాచ్‌లకు 145 గోల్స్ పడితే, 2014లో 171 పడ్డాయి. బంతి ఒక్కదాని వల్లే అనను, బ్రెజిల్ మీద జర్మనీ ఒక్కటే ఏడు వేసింది. కానీ ముక్కల సంఖ్య చూసి బంతిని అంచనా వెయ్యకూడదని మాత్రం అప్పుడు అందరికీ అర్థమైంది. చూడాల్సింది అతుకు పొడవు, లోతు. బంతికి చుక్కాని అదేరా.

పాత కాలం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1930లో మొదటి ప్రపంచ కప్పు ఫైనల్లో ఎవరి బంతితో ఆడాలన్న దాని మీదే అర్జెంటీనా, ఉరుగ్వే తగువులాడుకున్నాయి. చివరికి మొదటి సగం అర్జెంటీనా బంతి, రెండో సగం ఉరుగ్వే బంతి. సగానికి అర్జెంటీనా 2–1, ఆట ముగిసేసరికి ఉరుగ్వే 4–2! ఇక ఆ నలుపూ తెలుపూ బంతి, 1970లో మెక్సికోకు వచ్చింది, అది గాలి కోసం కాదు. బ్లాక్ అండ్ వైట్ టీవీలో స్పష్టంగా కనపడాలని.

తోలు బంతుల గురించి మాత్రం సరదాగా రాయలేను. పొడిగా ఉన్నప్పుడు వాటి బరువు ఇప్పటి బంతి అంతే, 410 నుంచి 450 గ్రాములు. వాన పడితే నీళ్ళు పీల్చుకుని రాయి అయ్యేవి. మీ హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ మన భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళింది తోలు బంతుల కాలంలోనే. ఇంగ్లండ్‌లో జెఫ్ ఆస్టిల్ అని హెడ్డింగ్‌కు పేరుపడ్డ స్ట్రైకర్ ఉండేవాడు. 59 ఏళ్ళకే, 2002లో, మతి తప్పి చనిపోయాడు. బరువైన తోలు బంతుల్ని ఏళ్ళ తరబడి తలతో కొట్టడమే కారణమని విచారణాధికారి తేల్చాడు. ప్రపంచ కప్పులో తోలు పూర్తిగా పోయి సింథటిక్ వచ్చింది 1986లో. ఆ ఒక్క మార్పుకు మాత్రం కంపెనీలకు దండం పెట్టొచ్చు. అల్లుడి చేత హెడ్డింగ్ ప్రాక్టీసు ఎక్కువ చేయించకు, బంతి ఏదైనా సరే.

ఇక ఈసారి, అంటే 2026 కప్పు బంతి, ట్రయోండా. నాలుగే ముక్కలు! ప్రపంచ కప్పు బంతుల్లో ఇంత తక్కువ ఎప్పుడూ లేవు. కాకపోతే అతుకులు కావాలనే లోతుగా పెట్టారు, ముక్కల మీద కూడా గాడులు గీశారు. 2010 దెబ్బ గట్టిగానే తగిలిందన్నమాట. నాకు బంతి కంటే ఊరు భయం. మొదటి మ్యాచ్ జూన్ 11న మెక్సికో సిటీలో, సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున. గాలి మన వైజాగ్ గాలి కంటే అయిదో వంతు పల్చన. అక్కడ వంపు తిరగాల్సిన ఫ్రీకిక్ నిటారుగా పోతుంది, క్రాస్, అంటే పక్క నుంచి గోల్ ముందుకు వేసే బంతి, అనుకున్నదానికంటే వెనక పడుతుంది. ఆ మైదానంలో ఆడి, వారం తిరక్కుండా సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో ఆడాల్సిన గోలీ అవస్థ ఆలోచించు. తమాషా ఏమిటంటే ఆ మ్యాచ్ మెక్సికోకూ దక్షిణాఫ్రికాకూ. 2010లో జబులానీతో మొదటి మ్యాచ్ ఆడింది కూడా ఈ రెండు జట్లే, అదీ జూన్ 11నే. దక్షిణాఫ్రికా షబలాలా కొట్టిన ఆ గోల్‌కి నువ్వు మంచం మీంచి దూకి కాలు బెణికించుకున్నావు.

సరే, అసలు పనికొచ్చే మాట. కొత్త బంతి కొనిపెట్టు, కానీ మ్యాచ్ బంతే కావాలని వాడు పట్టుబడితే లొంగకు. అదే బొమ్మ వేసిన చవక రకాల్లో అతుకులు, లోపలి సరుకు వేరే ఉంటాయి. వాడి స్కూలు మ్యాచ్‌ల్లో ఏ బంతి వాడతారో కనుక్కుని, దాంతోనే ప్రాక్టీసు చెయ్యమను. గాలి కొట్టేముందు వాల్వ్ దగ్గర అచ్చేసిన అంకె చూడమను. మనవాళ్ళు రాయిలా అయ్యేదాకా పంపు కొట్టేస్తారు, అప్పుడు చేతులకు తగిలి ఎగిరిపోతుంది. తిప్పుడు లేని షాట్ అలవాటు కావాలంటే ఎవరినైనా బంతి నడిమధ్య, పాదం పై ఎముకతో కొట్టి, కాలు అక్కడే ఆపెయ్యమను. అలా వచ్చినదాన్ని పట్టుకోబోకుండా, ఒళ్ళు అడ్డం పెట్టి, అరచేతులతో పక్కకు తొయ్యమను. ముందే అడుగు వెయ్యొద్దని నా మాటగా చెప్పు. సోరెన్‌సెన్ వీడియో చూస్తే వాడికే తెలుస్తుంది.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. మొదటి మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాక. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి రా, ఇక్కడే చూద్దాం. పీతల కూర పూచీ మా ఆవిడది, నిద్రపోకుండా చూసే పూచీ నాది.

నీ,
సూరి

తా.క.: ఒకటి మర్చిపోయాను. 2022 బంతిలో సెకనుకు 500 సార్లు కదలిక నమోదు చేసే సెన్సర్ పెట్టారు. పోర్చుగల్, ఉరుగ్వే మ్యాచ్‌లో బ్రూనో ఫెర్నాండెస్ వేసిన క్రాస్ తన తలకు తగిలే లోపలికి పోయిందని రొనాల్డో సంబరం చేసుకున్నాడు చూడు, బంతి మాత్రం తగల్లేదని సాక్ష్యం చెప్పింది. గోల్ బ్రూనో పేరు మీదే ఉంది. ఈసారి ఆ సెన్సర్‌ను బంతి మధ్యలో కాకుండా ఒక ముక్కలో అమర్చి, బరువు సరిపోవడానికి మిగతా మూడింటిలో ఎదురు బరువులు పెట్టారట. నీ రొనాల్డో భక్తి ఇంకా అలాగే ఉంటే ఈ పేరా చదవనట్టు నటించు.