వెర్షన్ నంబరు దశాంశం కాదు

సంపాదకులకు నమస్కారం.

ఫోన్లో యాప్ 1.9 నుంచి 1.10కి మారితే వెనక్కి వెళ్లిందేమోనని అనుమానపడేవాళ్లు ఎక్కువే. బడిలో నేర్చుకున్న లెక్క ప్రకారం అది సహజం. కానీ వెర్షన్‌లో చుక్క దశాంశ బిందువు కాదు. డోర్ నంబరు 1-9 పక్కన 1-10 ఉన్నట్టే, ఇక్కడా తొమ్మిది తర్వాత పది. వాడేవాళ్లు తికమకపడితే పోయేదేమీ లేదు, ప్రోగ్రామ్ తికమకపడితేనే చిక్కు. రెండు వెర్షన్లను అక్షరాలుగా పోల్చే కోడ్‌కు 1.10 కంటే 1.9 పెద్దది, ఎందుకంటే చుక్క తర్వాత 1 కంటే 9 పెద్దది. దాంతో అప్‌డేట్ ఉన్నా లేదంటుంది. 2021లో ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3.10 వచ్చినప్పుడు యామల్ అనే సెట్టింగుల ఫైళ్లలో కొటేషన్ గుర్తులు లేకుండా 3.10 అని రాసినచోట అది 3.1గా మారిపోయి టెస్టులు ఆగాయి.

ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడ్‌కు, అంటే లైబ్రరీలకు, 1.4.2 వంటి మూడంకెల పద్ధతే మేలు. దోషం సరిచేస్తే చివరి అంకె, పాతది చెడకుండా కొత్తది చేరిస్తే మధ్యది, పాత కోడ్ పనిచేయకుండా పోయే మార్పైతే మొదటిది పెరగాలి. ఏది పెరిగినా దాని కుడివైపువి సున్నాకు వస్తాయి. జావాస్క్రిప్ట్ లైబ్రరీలను తెచ్చిపెట్టే ఎన్‌పీఎంలో ^1.4.2 అని రాసుకున్నవాళ్లకు 2.0.0 లోపు వచ్చేవన్నీ చేరగలవు. ఒక ఫంక్షన్ పేరు మార్చి 'చిన్న మార్పేగా' అని 1.4.3గా వదిలితే, ముక్కూమొహం తెలియనివాళ్ల బిల్డ్‌లు (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారయ్యే పని) విరుగుతాయి. విడుదల చేశాక తప్పు కనబడితే అదే నంబరుతో ఫైలు మార్చకూడదు. 1.4.4 ఇవ్వాలి. అంకెలేమీ కరువు కాదు.

ఆండ్రాయిడ్ యాప్‌కు రెండు నంబర్లుంటాయి. వెర్షన్ నేమ్ జనానికి కనబడేది. మార్కెటింగ్ వాళ్లు దాన్ని 5.0 అన్నా, 2026 అన్నా నష్టం లేదు. వెర్షన్ కోడ్ మాత్రం ప్రతి విడుదలకూ పెరగాల్సిన పూర్ణాంకం. ప్లే స్టోర్‌లో దాని గరిష్ఠం 210 కోట్లు. ఇక్కడే తేదీ పిచ్చి ముంచుతుంది. సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషాలకు రెండేసి అంకెలు పెట్టుకుంటే 2020 చివరిదాకా బాగానే నడిచి, 2021 జనవరి 1న 2101010000 అవుతుంది. అంటే పరిమితి దాటినట్టే.

ఇలాంటి దెబ్బే మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్ఛేంజ్ అనే మెయిల్ సర్వర్లకు 2022 జనవరి 1న తగిలింది. వైరస్ తనిఖీ ఫైలు వెర్షన్ 2201010001 అయింది. దాన్ని దాచే 32 బిట్ల చోటులో పట్టేది 214,74,83,647 వరకే. తనిఖీ విఫలమై మెయిళ్లు క్యూలో ఇరుక్కున్నాయి. తర్వాత ఇచ్చిన నంబరు 2112330001. అంటే 2021 డిసెంబరు 33వ తేదీ! నవ్వొచ్చినా, అప్పటికి సరైన మందు అదే.

కొత్తగా యాప్ పెట్టేవాళ్లు వెర్షన్ కోడ్‌ను 1, 2, 3 అని పెంచుకుంటే చాలు. తేదీ కావాలనుకుంటే నాలుగంకెల సంవత్సరం, నెల, తేదీ, ఆ రోజు విడుదలకు రెండంకెలు: 2026011501 వంటిది. 2099 దాకా ఢోకా లేదు. లినక్స్ రకమైన డెబియన్‌లోని ప్యాకేజీలకైతే ముందు '1:' తగిలించి మళ్లీ చిన్న అంకె నుంచి మొదలుపెట్టవచ్చు. ప్లే స్టోర్‌లో ఆ వెసులుబాటు లేదు. పొరపాటున 210 కోట్లతోనే విడుదల చేస్తే ఆ యాప్‌కు ఇక అప్‌డేట్ ఇవ్వలేం. వేరే ప్యాకేజీ పేరుతో (యాప్‌ను స్టోర్ గుర్తించే పేరు) కొత్త యాప్ పెట్టుకోవాల్సిందే, పాత రేటింగులు దానికి రావు.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ విడుదలల ఇంజనీరు,
హైదరాబాద్