సైకిల్ యాత్రల వార్తల్లో రాత్రి పడుకునే ఎత్తు కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారములు.

ఏటా వేసవి సెలవులు మొదలైనప్పటి నుంచి ఆగస్టు దాకా మీ జిల్లా పేజీల్లో ఒక తరహా ఫొటో తరచూ కనిపిస్తుంది. మెడలో పూలదండతో, చేతిలో జెండాతో, గేర్ల సైకిలు పట్టుకుని నిలబడిన ఒక యువకుడు. వెనుక దాతల ముఖాలతో నిండిన ఫ్లెక్సీ. పైన లదాఖ్‌కు సైకిల్ యాత్ర అనే శీర్షిక. నెల్లూరు, కావలి, ఒంగోలు పిల్లలు అంత దూరం పోవాలని తలపెట్టడం నాకు సంతోషమే. కావలిలో సైకిల్ షాపు నడుపుకుంటున్న నేను అటువంటి బండ్లు కొన్నింటికి చక్రాల బెండు తీసి, కొత్త చైన్లు వేసి పంపాను. మనాలి నుంచి లేహ్ వరకు ఆ దారిని నేనూ తొక్కాను. అందువల్ల ఈ వార్తలు చదివినప్పుడల్లా ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎన్ని కిలోమీటర్లు వెళ్తారో, ఎన్ని రోజుల్లో వెళ్తారో, ఎన్ని అడుగుల ఎత్తు ఎక్కుతారో రాస్తారు గానీ, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారన్నది ఎప్పుడూ రాయరు. ఆ యాత్ర నుంచి మనిషి క్షేమంగా తిరిగి రావడం చాలావరకు ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

నెల్లూరు సముద్రమట్టానికి సుమారు 20 మీటర్ల ఎత్తులో ఉంది. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. గాలిలో ఆక్సిజన్ పాలు రెండుచోట్లా 21 శాతమే అయినా, పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గిపోవడం వల్ల ఒక్కో శ్వాసలో లోపలికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. లేహ్‌లో ఆ ఒత్తిడి మన సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతుల పాటి. మనాలి దారిలో అన్నిటికన్నా ఎత్తయిన తంగ్లాంగ్‌లా కనుమ మీద, అంటే 5,328 మీటర్ల దగ్గర, సగానికి కాస్త పైన. శరీరం దీనికి సర్దుకుంటుంది గానీ తన వేళకు సర్దుకుంటుంది. శ్వాస వేగం వెంటనే పెరుగుతుంది, మూత్రపిండాలు రక్తాన్ని ఆ వేగానికి అనుగుణంగా సరిచేయడానికి రోజులు పడుతుంది, ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటిన తర్వాత ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఉన్నచోటనే ఆగిపోవాలని పర్వత వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎత్తుకు ఎక్కి దిగినా ఫరవాలేదు, నిద్ర దగ్గరే లెక్క.

మన పిల్లల్లో చాలామంది దృఢంగా ఉన్నవాళ్లు. రోహిణి కార్తెలో పదహారో నంబరు జాతీయ రహదారి మీద కావలి నుంచి గూడూరు దాకా తొక్కి రాగలరు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లను 40 గంటల్లో ముగించాల్సిన బ్రెవేలు అనే గడువు సవారీలు పూర్తి చేసినవాళ్లూ ఉన్నారు. ఆ దారుఢ్యం తొక్కడానికి పనికొస్తుంది. ఎత్తులో ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బును మాత్రం ఆపదు. కండబలం ఉన్నవాడికి ఆ జబ్బు రాదన్నది అపోహ. నిజానికి అటువంటివాడే ఒక్క రోజులో ఎక్కువ ఎత్తుకు ఎక్కేసి, తలనొప్పిని అలసట కింద జమకట్టి, మరింత పైకి పోతాడు. బ్రెవేలో గడియారాన్ని ఓడించడమే పని కాబట్టి అలవాటైన ఆ తొందరే పైన ముప్పు తెస్తుంది. మన వెలిగొండల్లో ఎన్నాళ్లు సాధన చేసినా పిక్కలు గట్టిపడతాయి తప్ప పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడదు, ఎందుకంటే ఆ కొండల మీద గాలి అంతగా పలచబడదు.

మనాలి-లేహ్ దారికి ఇంకొక ఇబ్బంది ఉంది. కేలాంగ్ 3,080 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ పడుకున్నవాళ్లు మరుసటి రాత్రికి సర్చు చేరితే ఒక్కసారిగా 1,200 మీటర్లు పెరిగి 4,290 మీటర్ల దగ్గర పడుకున్నట్టు. జిస్పాలోనో దార్చాలోనో జింగ్‌జింగ్‌బార్‌లోనో ఆగితే ఆ దూకుడు తగ్గుతుంది, కానీ రోజులు పెరుగుతాయి. ఎత్తు జబ్బు ముదిరితే అసలైన వైద్యం కిందికి దిగడమే. సర్చు నుంచి కిందికి దిగాలంటే ముందు పైకి ఎక్కాలి: వెనక్కి వెళ్తే సుమారు 4,890 మీటర్ల బారాలాచాలా కనుమ అడ్డం, ముందుకు వెళ్తే గాటా మలుపులు ఇరవై ఒకటీ ఎక్కి నకీలా, ఆపైన 5,000 మీటర్లు దాటిన లాచులుంగ్‌లా. ఆ తర్వాత వచ్చే పాంగ్‌దీ అదే అవస్థ. పటం మీద ఇవి రాత్రి బసలుగా కనిపిస్తాయి, జబ్బు చేసినవాడికి రెండువైపులా తలుపులు మూసిన గదులు.

నేను వెళ్లినప్పుడు సర్చు గుడారాల్లో మైదానం నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి చూశాను. మధ్యాహ్నం నుంచి తలనొప్పి అని మాత్రలు మింగుతున్నాడు, సాయంత్రానికి వాంతి చేసుకున్నాడు. చీకటిపడే వేళకు బూటు లేసులు రెండు చేతుల్లో పట్టుకుని, ముడి ఎలా వేయాలో తెలియనట్టు వాటినే చూస్తూ కూర్చున్నాడు. గుడారం నడిపే ఆమె అతణ్ణి లేపి, నేల మీద కర్రతో ఒక గీత గీసి, వేళ్లకు మడమ ఆనించి అడుగు మీద అడుగు వేస్తూ ఆ గీత మీద నడవమంది. నాలుగో అడుగుకే పక్కకు తూలాడు. మెదడులో వాపు మొదలైందనడానికి అది గుర్తు. ఆమె ఇంకేమీ అడగకుండా బయటికి వెళ్లి కేలాంగ్ వైపు పోయే జీపు ఆపించింది. అందులో ఆక్సిజన్ సిలిండరు ఉండటం వల్ల కనుమ దాటగలిగారు. కేలాంగ్ చేరాక తేరుకున్నాడని తర్వాత తెలిసింది. అతని సైకిలు కొన్నాళ్లు ఆ గుడారం వెనుకే పడి ఉండి ఉంటుంది. ఖరీదైన బండి, కొత్త బండి.

ఇప్పుడు ఫ్లెక్సీల సంగతి. ఆగస్టు 15న లేహ్ దాటాక వచ్చే ఖర్దుంగ్‌లా కనుమ మీద జెండా ఎగరేస్తామని ముందే ప్రకటించి బయలుదేరడం ఒక ఆనవాయితీ అయింది. దేశభక్తిని నేను తప్పుపట్టడం లేదు. తేదీ ముందే అచ్చయి, దాతల పేర్లు ఆ తేదీ కిందే పడిన తర్వాత, దార్చాలో తల పగిలిపోతున్నా ఒక రోజు ఆగుదామనే ధైర్యం ఇరవై రెండేళ్ల పిల్లవాడికి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఆగస్టులో కొండచరియలు విరిగి దారి మూతపడటం మామూలు. వంతెన లేని వాగుల్లో మంచు కరిగిన నీళ్లు మధ్యాహ్నానికి పొంగుతాయి. పొద్దున మోకాలి లోతు ఉన్నది సాయంత్రం దాటలేనంత అవుతుంది. తేదీ తరుముతున్నవాడు పొద్దుటిదాకా ఆగడు.

వీళ్లకన్నా తొందర పడేవాళ్లు విమానంలో లేహ్‌లో దిగేవాళ్లు. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి, అక్కడ విమానం ఎక్కి, ఢిల్లీ మీదుగా ఒక్క రోజులో 3,500 మీటర్ల ఎత్తున దిగి, మూడో రోజున ఖర్దుంగ్‌లాకు బయలుదేరతారు. అక్కడి బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని ఉండేది, మన వార్తలూ ప్రపంచంలోకెల్లా ఎత్తయిన రోడ్డు అనే మాటతో సహా అదే అచ్చు వేస్తాయి. కొలతల ప్రకారం ఆ కనుమ ఎత్తు 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగుల లోపే. సరిహద్దు రహదారుల సంస్థ వేసిన ఉమ్లింగ్‌లా రోడ్డు 19,024 అడుగులతో 2021లోనే గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ ఉమ్లింగ్‌లా ఉన్న చాంగ్‌తాంగ్ పీఠభూమిలో ఊళ్లు దూరం దూరంగా ఉంటాయి. పష్మీనా మేకలు మేపుకునే చాంగ్‌పాల గుడారాలు, అడవి గాడిదల మందలు తప్ప గంటల తరబడి ఏమీ కనిపించదు. బండి చెడినా మనిషి చెడినా సాయం ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అటువైపు పోదలచినవాళ్లు లేహ్‌లో ఎన్ని రాత్రులు ఆగారన్నది వార్తలో మొదటి వాక్యం కావాలి.

నిదానం ఈ సాహసానికి కొత్తేమీ కాదు. 1923లో బొంబాయి నుంచి సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరిన పార్సీ యువకుల్లో అది పూర్తిచేసి తిరిగొచ్చినవాళ్లకు 1928 దాకా పట్టింది. స్వీడన్ దేశస్థుడు యోరాన్ క్రాప్ 1995లో స్వీడన్ నుంచి బయలుదేరి, సామాను మోసుకుంటూ సైకిల్ మీద నేపాల్ వరకు వచ్చాడు. 1996 మే నెలలో బయటి ఆక్సిజన్ లేకుండా ఎవరెస్టు ఎక్కబోయి, శిఖరానికి వంద మీటర్ల చిల్లర మిగిలి ఉండగా, పొద్దు మించిపోయిందని వెనక్కి దిగాడు. మళ్లీ ప్రయత్నించి అదే నెలలో ఎక్కాడు. అంత దూరం తొక్కుకుంటూ వచ్చినవాడు ఆ వంద మీటర్లు వదులుకుని దిగాడన్న సంగతి మన పిల్లలకు తెలియాలి. సన్మాన సభల్లో దీన్ని చెప్పేవాళ్లు నాకు కనిపించలేదు.

ఆ దారిలో మరికొన్ని కష్టాలు వెళ్లాకే తెలుస్తాయి. తంగ్లాంగ్‌లా నుంచి ఉప్షీ దాకా సుమారు 60 కిలోమీటర్ల దిగుడులో అరిగిన బ్రేకు ప్యాడ్లతో వెళ్లినవాడికి మనాలిలోనే మార్చుకోవలసిందని గుర్తొస్తుంది. పాంగ్‌లో నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి కుక్కరు లేనిదే అన్నం ఉడకదు. మొలగొలుకుల బియ్యం తిని పెరిగిన మన నోటికి అక్కడి పలుకు అన్నం ఒక పరీక్షే.

నేను కోరేది పెద్ద పనేమీ కాదు. యాత్ర వార్త రాసేటప్పుడు మీ విలేకరులు రాత్రి బసల పేర్లు, వాటి ఎత్తులు అడిగి ఫొటో కింద రెండు వరుసల్లో వేయాలి. ఎత్తు జబ్బు మందు గురించి వైద్యుణ్ణి కలిశారా, ఆ మందు సల్ఫా జాతిది కాబట్టి సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి చెప్పారా అని కూడా అడగాలి. దాతలు, సన్మాన సంఘాలవారు గమ్యం తేదీని ఫ్లెక్సీ మీద వేయడం మానుకోవాలి. తలనొప్పి వచ్చి దార్చా నుంచి వెనక్కి వచ్చినవాడికి కూడా స్టేషనులో దండ వేయగలిగితే మరీ మంచిది. నా షాపుకు వచ్చేవాళ్లను బసల ఎత్తుల గురించి నేను ఇప్పటికే అడుగుతున్నాను; కొందరు చెబుతారు, కొందరు నవ్వి చైను సంగతి చూడమంటారు. అదే ప్రశ్న మీ విలేకరులు అడిగితే జవాబు అచ్చవుతుంది, ఇంట్లో పెద్దవాళ్లు కూడా చదువుతారు.

ఇట్లు,
ఒక సైకిల్ షాపు యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా.