బాక్సింగ్ అంచనాల్లో రికార్డు కన్నా తూకం ముఖ్యం

సంపాదకులకు,

వారాంతంలో రెండు మూడు పెద్ద బాక్సింగ్ పోటీలు ఒకేసారి వచ్చినప్పుడు మీ క్రీడాపేజీలో ముందస్తు అంచనాలు వేస్తున్నారు. క్రికెట్ తప్ప మరొకటి కనపడని పేజీల మధ్య ఇది మెచ్చుకోవలసిన పనే. వేసే తీరుతోనే మా పేచీ. ఇద్దరి ఫొటోలు, పక్కన గెలుపోటములు, నాకౌట్ల లెక్క, కింద ‘హోరాహోరీ తప్పదు’ అని ఒక ముక్క. పోటీ చూడబోయేవాడికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. మన డెల్టాలో పుంజుకు జోడు కట్టేవాడు ముందు చేత్తో ఎత్తి బరువు చూస్తాడు, కాళ్లు చూస్తాడు, వయసు చూస్తాడు. ఎన్ని పందేలు గెలిచిందన్నది ఆ తర్వాతి మాట. మనుషుల పోటీకి వచ్చేసరికి మీరు ఆ వరసను తిరగేస్తున్నారు.

ముందు టైము సంగతి. లాస్ వేగాస్‌కీ మనకీ వేసవిలో పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. న్యూయార్క్‌తో తొమ్మిదిన్నర, పదిన్నర. లండన్‌తో నాలుగున్నర, ఐదున్నర. రియాద్‌తో ఏడాది పొడుగునా రెండున్నరే. మీరు ‘శనివారం రాత్రి పోటీ’ అని వేస్తే అమలాపురంలోనో పాలకొల్లులోనో కుర్రాళ్లు శనివారం రాత్రి తొమ్మిదింటికే ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. వేగాస్‌లో శనివారం రాత్రంటే మనకు ఆదివారం పొద్దున. లండన్‌లో శనివారం రాత్రి పదింటికి బరిలోకి దిగితే మనకు వేసవిలో తెల్లవారుజామున రెండున్నర. ఇంకో మెలిక ఉంది. ప్రసారం మొదలయ్యే టైమే చాలాచోట్ల ఇస్తారు. అసలు పోటీ దానికి మూడు నాలుగు గంటల తర్వాత గానీ రాదు. ముందు పోటీలు నాకౌట్లతో త్వరగా ముగిసినా సాధారణంగా అసలు పోటీని ముందుకు జరపరు, మధ్యలో ఖాళీ వదిలేస్తారు. ప్రసారం మొదలు ఎప్పుడు, అసలు పోటీ సుమారుగా ఎప్పుడు అన్న రెండూ మన టైములో వేయండి.

2025 మే మొదటి వారాంతమే చూడండి. 2న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ర్యాన్ గార్సియా, రోలాండో రొమేరో. 3న రియాద్‌లో కనేలో అల్వారెజ్, విలియమ్ స్కల్. 4న లాస్ వేగాస్‌లో నవోయా ఇనూయె, రామోన్ కార్డెనాస్. మన లెక్కలో అవి శని, ఆది, సోమవారాల పొద్దుటి పూటలు. రియాద్ పోటీని అమెరికా శనివారం రాత్రికి సరిపోయేలా పెట్టడంతో అక్కడ ఆదివారం తెల్లవారింది. గల్ఫ్‌లో ఉన్న మన కోనసీమవాళ్లకు అది డ్యూటీకి బయల్దేరే వేళ.

ఆ మూడు రోజుల్లో పేరు, రికార్డు చూసి అంచనా వేసినవాళ్లకు మొదటిరోజే దెబ్బ తగిలింది. అందరూ గార్సియా గెలుస్తాడన్నారు. రొమేరో రెండో రౌండులోనే ఎడమ హుక్‌తో (మోచేయి వంచి పక్కనుంచి విసిరే దెబ్బ) అతన్ని కింద కూర్చోబెట్టి 115-112, 115-112, 118-109తో ముగ్గురు జడ్జిల దగ్గరా గెలిచాడు. అంతకు ముందు 2024 ఏప్రిల్‌లో డెవిన్ హేనీతో పోటీలో గార్సియా 140 పౌండ్ల హద్దుకు 143.2 తూగాడు. హేనీని మూడుసార్లు పడగొట్టి గెలిచినా, నిషేధిత మందు పరీక్షలో దొరకడంతో ఆ ఫలితాన్ని కొట్టేసి ఏడాది సస్పెండ్ చేశారు. ఏడాదికి పైగా బరి దూరం, చివరి ‘గెలుపు’ లెక్కలోకే రానిది, ఇప్పుడు 147 పౌండ్ల కొత్త తరగతి. ఈ మూడు ముక్కలూ అంచనాలో ఉండి ఉంటే ఎవరూ అంత ధీమాగా రాసేవారు కాదు. ఖాళీగా కూర్చున్నవాడికి మొదట పోయేది దూరం అంచనా. బలం తర్వాత పోతుంది. ఎదుటివాడి హుక్ తగలని దూరమేదో కంటికి పట్టడానికి కొన్ని రౌండ్లు పడుతుంది, ఆ రౌండ్లలోనే దెబ్బ తింటాడు.

మర్నాడు కనేలో గెలిచాడు, అంచనా తప్పలేదు. కానీ ఆ పోటీలో చూడవలసింది ఫలితం కాదు. పంచ్‌లు లెక్కకట్టే కంప్యూబాక్స్ సంస్థ ప్రకారం ఇద్దరూ కలిసి పన్నెండు రౌండ్లలో విసిరినవి 445 పంచ్‌లు. ఆ సంస్థ లెక్కకట్టిన పన్నెండు రౌండ్ల పోటీల్లో ఇంత తక్కువ అంతకు ముందు లేదు. అందులో కనేలోవి 152, అంటే రౌండుకు పన్నెండు పదమూడు. స్కల్ వెనక్కీ పక్కకీ జరుగుతూ పోతే కనేలో అతని వెనకే నడిచాడు, దారి మూయలేకపోయాడు. పారిపోయేవాణ్ని పట్టాలంటే వాడు వెళ్లే వైపుకు ముందే అడ్డంగా అడుగు వేసి తాళ్ల దగ్గర ఇరికించాలి. నేరుగా వెంటపడితే అందడు. నాలుగు నెలల తర్వాత సెప్టెంబరు 13న టెరెన్స్ క్రాఫర్డ్ 154 పౌండ్ల నుంచి రెండు తరగతులు పైకెక్కి 168 పౌండ్లలో కనేలోతో తలపడ్డాడు. ‘పెద్దవాడే గెలుస్తాడు’ అన్న సూత్రం పట్టుకున్నవాళ్లు మునిగారు. స్కల్ పోటీని కళ్లు తెరిచి చూసినవాళ్లకు మాత్రం 116-112, 115-113, 115-113తో క్రాఫర్డ్ గెలవడం పెద్ద వింత కాలేదు. వారాంతపు ఫలితాలను మీరు రెండు వరుసల్లో వదిలేస్తారు గానీ, వచ్చే పోటీకి అంచనా అక్కడే దొరుకుతుంది.

సోమవారం పొద్దున ఇనూయె. గెలుస్తాడని అందరికీ తెలుసు, ఎనిమిదో రౌండులో పోటీ ఆపించి గెలిచాడు కూడా. ‘ఇనూయెదే గెలుపు’ అని వేస్తే పాఠకుడికి కొత్తగా తెలిసేదేముంది? అసలు సంగతి మరొకటి. ఏడాది ముందు 2024 మే 6న టోక్యో డోమ్‌లో మొదటి రౌండులోనే లూయిస్ నెరీ ఎడమ హుక్‌కు ఇనూయె కింద పడ్డాడు, లేచి ఆరో రౌండులో ముగించాడు. వేగాస్‌లో రెండో రౌండులో కార్డెనాస్ పడగొట్టిందీ ఎడమ హుక్‌తోనే. దగ్గరికొచ్చి మారుమారు దెబ్బలు వేసేటప్పుడు ఇనూయె గడ్డానికి ఆ పక్క కాపు ఉండదు, అదీ ఒళ్లు వేడెక్కని మొదటి రౌండ్లలో. ‘మొదటి మూడు రౌండ్లలో ఇనూయె పడే ప్రమాదం ఉంది, అది దాటితే నాకౌట్’ అని రాసి ఉంటే అదీ అంచనా.

ఇక తూకం. పోటీకి ముందురోజు బరువు చూస్తారు. వేగాస్‌లో శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి తూస్తే వేసవిలో మనకు రాత్రి తొమ్మిదిన్నర, లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకైతే సాయంత్రం ఐదున్నర. రెండూ మీ శనివారం సంచికకు అందుతాయి. అంకె ఒక్కటే వేస్తే చాలదు. మొదటిసారికే హద్దులోకి వచ్చాడా, ఇచ్చిన గడువులో మళ్లీ చెమటోడ్చి వచ్చాడా అన్నది వేయండి. చివరి ఒకటి రెండు రోజులు నీళ్లు, ఉప్పు మానేసి వేడినీళ్ల తొట్టెలో కూర్చుని దించిన బరువు రాత్రికి రాత్రి తిరిగొస్తుంది గానీ కాళ్లలో సత్తువ అంత త్వరగా రాదు. అలాంటివాడు ఐదారు రౌండ్లు బాగానే ఆడి తర్వాత అడుగు బరువెక్కి నిలబడిపోతాడు, పక్కటెముకల కింద దెబ్బకు తేలిగ్గా వంగిపోతాడు. ప్రపంచ బెల్టులిచ్చే నాలుగు సంస్థల్లో ఒకటైన ఐబీఎఫ్ బెల్టు పోటీల్లో సాధారణంగా పోటీరోజు పొద్దున మళ్లీ తూస్తారు, హద్దు మీద 10 పౌండ్లకు మించకూడదు. కొన్ని ఒప్పందాల్లో ఇదే షరతు విడిగా పెడతారు. 2023లో జెర్వాంటా డేవిస్, గార్సియాల పోటీకి 136 పౌండ్ల హద్దు పెట్టి, మర్నాడు పెరుగుదల 10 పౌండ్లు దాటకూడదన్నారు. ఏడో రౌండులో శరీరం మీద ఒక్క దెబ్బకు గార్సియా మోకాలి మీద కూర్చుండిపోయాడు. బరువులు కిలోల్లో కూడా వేయండి. 147 పౌండ్లంటే 66.7 కిలోలు, 168 అంటే 76.2. సాధారణంగా 147 వరకు 8 ఔన్సుల గ్లవ్స్, ఆ పైన 10 ఔన్సులవి. తరగతి మారినవాడి దెబ్బ మెత్తబడిందని అనిపించడానికి ఇదీ ఒక కారణం.

నాకౌట్ల లెక్క ఎంత మోసమో అర్తుర్ బెతెర్‌బియెవ్ చూపించాడు. ఇరవై పోటీలు, ఇరవై నాకౌట్లు. ఆ లెక్క చూసి 2024 అక్టోబరులో దిమిత్రి బివోల్ పన్నెండు రౌండ్లు నిలబడడన్నవాళ్లు చాలామంది. నిలబడ్డాడు. ఒక జడ్జి సమానమన్నాడు, ఇద్దరు బెతెర్‌బియెవ్‌కు ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ కలబడితే అదే తీరులో బివోల్ గెలిచాడు. చిన్న పోటీల్లో ఈ మోసం ఇంకా ఎక్కువ. 15-0 అని రాసి ఉన్న కుర్రవాడు ఓడించిన పదిహేనుమందిలో సగానికి సగం డబ్బుకోసం ఓడడానికి వచ్చేవాళ్లే అయి ఉండొచ్చు. అందుకే మొత్తం లెక్క మానేసి చివరి ఐదు పోటీలు, ఆ ప్రత్యర్థులెవరు, ఎన్ని రౌండ్లు నడిచాయి అన్నవే వేయండి. ఎప్పుడూ ఆరు రౌండ్లు దాటనివాణ్ని పదికి దించుతుంటే అది తప్పక రాయాలి. మహిళల పోటీల్లో రౌండు సాధారణంగా రెండు నిమిషాలే కాబట్టి నాకౌట్ అంచనా అక్కడ జాగ్రత్తగా వేయాలి.

ఎడమచేతివాటం, కుడిచేతివాటం బాక్సర్లు తలపడుతుంటే ఎవరి ముందుకాలు ఎదుటివాడి ముందుకాలికి బయటివైపు ఉంటే వాడి వెనక చేతికి దారి దొరుకుతుంది. తలలు ఢీకొని కనుబొమ్మలు తెగేదీ ఈ జోడీల్లోనే ఎక్కువ. పొరపాటున తగిలిన తలదెబ్బకు నాలుగు రౌండ్లు పూర్తవకముందే ఆపితే సాధారణంగా ఫలితం ఉండదు, పూర్తయ్యాక ఆపితే అప్పటివరకూ ఉన్న మార్కులతో తేలుస్తారు. ఆ సంగతి తెలియనివాడు ‘మోసం’ అని ఫోన్ విసిరికొడతాడు.

మార్కుల గొడవ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, కింద పడితే 8. 2024 మే 18న రియాద్‌లో ఒలెక్సాండర్ ఉసిక్, టైసన్ ఫ్యూరీ. తొమ్మిదో రౌండులో ఫ్యూరీ తాళ్లమీద తూలుతుంటే, తాళ్లే లేకపోతే పడేవాడని రిఫరీ పడినట్టే లెక్కపెట్టాడు. చివరికి ఉసిక్‌కు 115-112, 114-113, మూడో జడ్జి ఫ్యూరీకి 114-113. రిఫరీ ఆ లెక్క పెట్టకుండా, రౌండు మాత్రం ఉసిక్‌దే అయి ఉంటే ఫ్యూరీకి ముగ్గురి దగ్గరా ఒక్కో మార్కు కలిసేది. 115-113, 114-114, 113-115. డ్రా! అందుకని దగ్గరి పోటీ అనుకున్నప్పుడు ‘ఫలానావాడు మార్కులతో గెలుస్తాడు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, ఒక్కసారి కింద పడితే చాలు తారుమారవడానికి అని కూడా రాయండి.

బెల్టుల విషయంలో ఒక్క మాట. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో నాలుగూ వేర్వేరు సంస్థలు, ఎవరి బెల్టు వారిదే. డబ్ల్యూబీఏలో ‘రెగ్యులర్’ అని రెండో మెట్టు బెల్టు కూడా ఉంది, గార్సియా మీద రొమేరో గెలిచింది అదే. ‘ప్రపంచ చాంపియన్’ అని వేసేటప్పుడు ఏ సంస్థ, ఏ మెట్టు అన్నది చెప్పాలి.

పందెం రేట్లు మాత్రం దయచేసి వేయకండి. అవి డబ్బు ఎటు పోతోందో చెబుతాయి, బాక్సర్ సంగతి చెప్పవు. డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. డెల్టా కుర్రాళ్లకు ఆ దారి మీ పేజీ చూపించనక్కర్లేదు.

పోటీ ఒక్కింటికి నాలుగు వరుసలు చాలు: మన టైము, తూకం ఎలా సాగింది, ఎవరు ఏ రౌండ్ల మధ్య ఎలా గెలుస్తారు, ఏం జరిగితే ఈ అంచనా తప్పుతుంది. మంగళవారం సంచికలో అదే మూలన ఎంతవరకు నిజమైందో వేయండి. చోటు చాలకపోతే ఫొటో ఒకటి తీసేయండి.

ఇట్లు,
కొందరు బాక్సింగ్ అభిమానులు,
అమలాపురం, కోనసీమ